లారీ ఆఫీసులో ఏటి పని?

ఉమాపతికి ఉన్నది ఒకే లారీ, ఒకే నోరు. లారీకి మంచి బ్రేకులున్నాయి. నోటికి లేవు. పెళ్ళికెళ్ళి పప్పులో ఉప్పు తక్కువైందని పెళ్ళికూతురి తండ్రికే చెప్పొచ్చే రకం. పోనీ మెప్పు కోసం ఒక అబద్ధం ఆడరాదా అంటే, "ఉప్పు తక్కువైతే తక్కువైందనక మరేటంటారు?" అని ఎదురడిగేవాడు.

సాలూరులో లారీలకి కొదవ లేదు, లారీ సంఘాలకీ కొదవ లేదు. వాటిలో ఓ చిన్న సంఘం, వేగావతి లారీ యజమానుల సంఘం. ఉమాపతి మీసాలు నల్లగా ఉన్నప్పటి నుంచీ అందులోనే ఉన్నాడు. ఏ బండి ముందు లోడుకి వెళ్ళాలి, ఏది తర్వాత వెళ్ళాలి అన్నది సంఘం ఆఫీసులో రాయించుకున్న వరసని బట్టి ఉంటుంది. దాన్ని సీరియల్ అంటారు. సీరియల్‌లో లేని బండి ఎంత కొత్తదైనా రోడ్డు పక్కన ఈగలు తోలుకోవాల్సిందే. ఒకసారి ఒకే బండికి అన్నదమ్ములిద్దరూ సభ్యులమని తన్నుకుంటే, ఆ గొడవలో కుర్చీలు విరిగాక, ఒక బండికి ఒకే సభ్యత్వమని రూలు పెట్టుకున్నారు. ఆ రూలు మాత్రం ఇప్పటికీ ఎవరూ తప్పలేదు.

ఈ సంఘానికి ప్రెసిడెంటు నరసింగరావు. నాలుగు లారీల ఆసామి. మనిషి చెడ్డవాడని ఎవరూ అనరు. కాకపోతే ఆయనకి రెండు భాషలున్నాయి. ఒకటి మైకులో మాట్లాడేది, రెండోది మైకు ఆపాక మాట్లాడేది. ప్రెసిడెంటైన కొత్తలో, డ్రైవర్ అన్న మాటలో చిన్నచూపు ఉందని, ఇకపై అందరూ ‘సారథి సోదరుడు’ అనాలని ఆఫీసు గోడ మీద రాయించాడు. క్లీనరు కాస్తా ‘సహాయ సారథి’ అయ్యాడు. ఉమాపతి బండి తోలే సోములు ఆ రాత చదివి, "పేరు పెరిగినాది కదా మావా, బత్తా కూడా పెరుగుతాదేటి?" అని అడిగాడు. బత్తా పెరగలేదు. సారథి సోదరులు మునుపటిలాగే ఆఫీసు బయట ఎండలో నిలబడి టీ తాగుతున్నారు. లోపలి కుర్చీలు యజమానులకే.

పోయిన ఏడాది మహిళా దినోత్సవానికి అదే ఆఫీసులో వెనకనున్న గదికి ‘మహిళా విశ్రాంతి గది’ అని బోర్డు కట్టి రిబ్బను కత్తిరించారు. బాత్రూమ్ కూడా ఆ గదిలోనే ఉంది. ఫోటో పేపర్లో పడింది. కత్తిరించిన రిబ్బను ఇంకా గుమ్మానికి వేలాడుతుండగానే గదిలోకి పాత టైర్లు, చిరిగిన టార్పాలిన్లు చేరాయి. ఊళ్ళో ప్రతిదాన్నీ తిట్టే ఉమాపతి ఆ గదిని మాత్రం ఎప్పుడూ తిట్టలేదు. ఎందుకంటే అందులో రెండు టైర్లు అతనివే.

ఈ ఏడు నరసింగరావు ఇంకో మెట్టెక్కాడు. ఫిబ్రవరి మీటింగులో మైకు పట్టుకుని, "బండి ఆర్సీలో పేరున్న ప్రతి మహిళామూర్తీ నేటి నుంచి మన సంఘంలో సర్వహక్కులూ గల సభ్యురాలు. మార్చి ఎనిమిదిన వారిని సగౌరవంగా ఆహ్వానిద్దాం" అని తీర్మానం చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బయట బజ్జీలు వేగుతున్న వాసన వస్తుంటే ఏ తీర్మానానికైనా అంతే గట్టిగా కొట్టేవారు.

ఉమాపతి ఒక్కడే లేచి నిలబడ్డాడు.

"ఆడోళ్ళకి లారీ ఆఫీసులో ఏటి పని? ఇల్లు ఏలుతన్నారు, బండి ఏలుతన్నారు, మనల్నీ ఏలుతన్నారు. మళ్ళా ఈ సుట్టపొగలో కూకుని మన మొకాలు సూడ్డానికి కూడా రావాలేటి ఆళ్ళు?"

ఇందులో మొదటి వాక్యం ఎవరి ఫోన్లోనో పడింది. తక్కినవి పడలేదు. సాయంత్రానికి ఆ ఒక్క వాక్యం ఊరి వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగొచ్చింది. రాత్రికి కేబుల్ టీవీలో ఉమాపతి మొహం చుట్టూ ఎర్రటి గీత గీసి మరీ చూపించారు. తక్కిన వాక్యాలు కూడా చూపించి ఉంటే అతని మాట చల్లగా వినిపించేదేమో గానీ, మొదటి వాక్యం అతను మనసారా అన్నదే. గుమ్మం లోపల ఆడవాళ్ళ రాజ్యం, గుమ్మం బయట మగవాళ్ళ రాజ్యం అన్నది ఉమాపతి పద్ధతి. తండ్రి నాటి పద్ధతి. దాన్ని మార్చుకోవాల్సిన అవసరం అతనికి ఎన్నడూ కనబడలేదు.

అయితే గుమ్మం బయటి రాజ్యాన్ని ఉమాపతి ఎలా ఏలుతున్నాడో కూడా చెప్పుకోవాలి. రాయపూర్ లోడుకి వెళ్ళాలా, జయపురం లోడుకి వెళ్ళాలా అన్నది భార్య చిన్నతల్లికి ఫోన్ చెయ్యకుండా తేల్చడు. టైరు కొనాలంటే ముందు దాని ఫోటో ఆమెకి పంపిస్తాడు. ఏ బ్రోకరు మాట మీద నిలబడతాడు, ఏ బ్రోకరు లోడు ఉందని పిలిచి మూడు రోజులు కూర్చోబెడతాడు అన్నది చిన్నతల్లి వీధరుగు మీద చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని తేలుస్తుంది. బండి ఆర్సీ ఆమె పేరనే ఉంది. బండి నుదుటి మీద ‘చిన్నతల్లి’ అని పసుపు రంగుతో రాసి ఉంటుంది. ఇదంతా సలహా తీసుకోవడమే గానీ ఆడదాని మాట వినడం కాదని ఉమాపతి గట్టి నమ్మకం. చిన్నతల్లి మేనమామ కూతురు కాబట్టి ఈ నమ్మకాన్ని చిన్నప్పటి నుంచీ ఎరుగును. కదిలించలేదు.

టీవీలో వచ్చిన మూడోనాడు సంఘం సెక్రటరీ హరిబాబు ఒక కాగితం పట్టుకుని ఇంటికొచ్చాడు. ఉమాపతిని మావా అని పిలిచేవాడు, మొహమాటస్తుడు. గుమ్మంలోనే నిలబడి కాగితం చాపాడు.

"మహిళా దినోత్సవం నాడు మైకులో ఇది సదివీ మావా. సాలు. గొడవ పోతాది."

ఉమాపతి కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. ‘పితృస్వామ్య భావజాలంతో నేను చేసిన అనుచిత వ్యాఖ్యల వల్ల మనోభావాలు గాయపడిన సమస్త మహిళాలోకానికి’ అని మొదలై, ఊపిరి తీసుకునే చోటు లేకుండా క్షమాపణ కాగితం చివరి దాకా సాగింది.

"ఒరే హరీ, ఇది నువ్వు రాసినావా?"

"నేదు మావా."

"నరసింగరావు రాసినాడా?"

"ఆయనకెక్కడొస్తాది? ఫోన్లో అడిగినాం. ఫోనే రాసిచ్చినాది."

ఉమాపతి కాగితాన్ని తిప్పి వెనక్కి కూడా చూశాడు. "అంటే, ఫోను సెప్పిన సమాపణ నాను సెప్పాలి. అది ఇని మీరు నమ్మాలి. ఆడోళ్ళు సంతోషపడాలి. ఇందులో మనిషన్నవోడు ఎక్కడున్నాడురా?"

"అదంతా నాకు తెలీదు మావా. సదవకపోతే మూడు నెలలు సస్పెన్షను. సీరియల్‌లోంచి నీ బండి తీసీమన్నాడు ప్రెసిడెంటు" అని హరిబాబు నేల చూస్తూ చెప్పాడు.

మార్చి నుంచి మూడు నెలలంటే కొండ మీద నుంచి చింతపండు, జీడిపిక్కలు దిగే కాలం. ఏడాది తిండి ఆ మూడు నెలల్లోనే ఉంటుంది. నాలుగు బళ్ళున్నవాడు ఒకటి ఆగితే తట్టుకుంటాడు. ఒకే బండి ఉన్నవాడికి అది ఆగితే ఇల్లే ఆగిపోతుంది. సోములు ఇల్లు కూడా.

హరిబాబు వెళ్ళాక చిన్నతల్లి అరుగు మీదికి వచ్చి కూర్చుంది. "ఏటంటావు?" అని ఉమాపతి అడిగాడు, అలవాటు కొద్దీ.

"ఆ మాట అన్నావా, నేదా?"

"అన్నాను."

"అనుకునే అన్నావా?"

"అనుకునే అన్నాను."

"అలగైతే ఈ కాగితం అబద్ధం."

"అదే కదే నా బాధ!" ఉమాపతికి ప్రాణం లేచొచ్చింది.

"కాగితం అబద్ధమే గానీ, నీ మాట కూడా అంత గొప్ప మాటేటి కాదు బావా" అంది చిన్నతల్లి. గొంతు పెంచలేదు. "నువ్వు ఆ మీటింగుకి ఎల్లిన పొద్దున్నే కదా, రాయపూర్ లోడు బ్రోకరుతో గంటసేపు మాటాడి నాను కుదిర్చినాను? నువ్వు సొక్కా ఏసుకుని ఎల్లి, ఆడోళ్ళకి ఏటి పని అనీసి ఒచ్చినావు. టీవీలో ఇంటే కడుపులో ఒకలాగనిపించినాది నాకు."

సమస్త మహిళాలోకం మనోభావాల సంగతి అతనికి తెలియదు గానీ, చిన్నతల్లి కడుపులో ఒకలాగ అనిపించడం మాత్రం అతనికి బాగా తగిలింది. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

మార్చి ఎనిమిది వచ్చింది. సంఘం ఆఫీసు ముందున్న హాల్లో వేదిక కట్టారు. వెనక ఫ్లెక్సీ నిండా ఆడవాళ్ళ బొమ్మలు, ముందు కుర్చీల నిండా మగవాళ్ళు. అసలు ఆడవాళ్ళు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఒక్కొక్కరికీ ఒక గులాబీ పువ్వు, ఒక స్టీలు డబ్బా ఇచ్చారు. ముందు వరసలో నరసింగరావు భార్య రాజకుమారి పట్టుచీర కట్టుకుని, గులాబీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నరసింగరావు ఏ సభలోనైనా ఆమెని తన ప్రగతికి స్ఫూర్తి అంటాడు. ఆమె ఏ సభలోనూ నోరు విప్పగా ఎవరూ వినలేదు. చిన్నతల్లి వెనక వరసలో కూర్చుంది. అంత వరకూ ఆమె ఆ ఆఫీసు గుమ్మం తొక్కలేదు. ‘సగౌరవంగా ఆహ్వానం’ అని కార్డు వస్తే వచ్చింది.

ఉపన్యాసాలు పది గంటలకి మొదలై ఎండ నడినెత్తికొచ్చే దాకా సాగాయి. ఒకాయన స్త్రీ భూమాత అన్నాడు. ఒకాయన ఆకాశంలో సగం అన్నాడు. ఇంకొకాయన ఆవిడ ఓర్పుకి మారుపేరన్నాడు. అంత సేపు ఆ కుర్చీల్లో కదలకుండా కూర్చోవడం చూస్తే ఆ మూడో మాట నిజమేననిపించింది.

చివరికి నరసింగరావు, "ఇప్పుడు గౌరవ సభ్యులు ఉమాపతి గారు తమ హృదయపూర్వక క్షమాపణని తెలియజేస్తారు" అని పిలిచాడు. కేబుల్ టీవీ కెమెరా ఇటు తిరిగింది.

ఉమాపతి మైకు దగ్గరికొచ్చి కాగితం విప్పాడు. "పితృస్వామ్య..." అన్నాడు. ఆగాడు. మళ్ళీ, "పితృస్వామ్య భావ..." అన్నాడు. సీరియల్ గుర్తొచ్చింది, సోములు గుర్తొచ్చాడు, చింతపండు బస్తాలు గుర్తొచ్చాయి. అయినా మాట ముందుకి కదల్లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు రాదు బాబూ. అనుకోని మాట నా నోట్లోంచి రాదు. సమాపణంటే నాకు తెలిసింది ఒకటే. ఎవుల్ని నొప్పించినామో ఆళ్ళ కాడికెల్లి తలొంచి సెప్పడం. ఇది ఊరందరికీ సెప్పి ఎవులికీ సెప్పనట్టున్నాది."

వేదిక మీద కలకలం రేగింది. నరసింగరావు లోలోపల సంతోషించాడో ఏమో, మైకు చేతిలోకి తీసుకుని గొంతు సవరించుకున్నాడు. "ఉమాపతి గారు పవిత్రమైన ఈ రోజున మహిళాలోకాన్ని మరొకసారి అవమానించారు. స్త్రీ గౌరవం విషయంలో మన సంఘం రాజీపడదు. వారి సభ్యత్వాన్ని మూడు నెలల పాటు..."

"ఒక్క మాటండీ."

చిన్నతల్లి లేచి నిలబడింది. ఆమె నలుగురిలో మాట్లాడటం ఉమాపతి ఎన్నడూ చూడలేదు. నరసింగరావు మొహం మాత్రం వెలిగిపోయింది. "రండి తల్లీ, రండి. ఒక బాధిత మహిళగా మీ ఆవేదన చెప్పుకోండి" అని తనే మైకు కిందికి అందించాడు.

చిన్నతల్లి మైకుని ఫోను పట్టుకున్నట్టే చెవి దగ్గర పట్టుకుంది. పక్కనున్నావిడ సరిచేశాక నోటి దగ్గర పెట్టుకుని, "సభ్యత్వం ఎవులిది తీస్తన్నారు?" అని అడిగింది.

"ఉమాపతి గారిది తల్లీ."

"ఆయనకి సభ్యత్వం ఎక్కడున్నాది? ఆర్సీ నా పేరునున్నాది. ఆర్సీలో పేరున్న ఆడమనిషే సభ్యురాలని మొన్న మీరే కదా తీర్మానం సేసినారు. ఒక బండికి ఒకే సభ్యత్వమని మీ రూలు ముందు నుంచీ ఉన్నాది. అలగైతే ఆ సభ్యురాలిని నాను. ఆడోళ్ళకి ఏటి పని అని నానైతే అనలేదు. మరి నా బండిని సీరియల్‌లోంచి ఎలగ తీస్తారు?"

బ్రోకరుతో బేరమాడే గొంతే అది. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

వేదిక మీదున్న మగవాళ్ళు ఒక్కొక్కరే తమ ఇంటి బీరువాలో ఉన్న ఆర్సీని తలుచుకోసాగారు. ఆ సంఘంలో బళ్ళు చాలా వరకూ భార్యల పేరు మీదే ఉన్నాయి. దీనికి పైకి చెప్పే కారణం, ఇంటి లక్ష్మి పేరున ఉంటే బండి కలిసొస్తుందని. పైకి చెప్పనిది, రేపు తను ఎవరికో హామీ సంతకం పెట్టి మునిగినా బండి మిగులుతుందని. ఈ సంగతి తీర్మానం నాడు ఒక్కడికీ తట్టకపోవడంలో వింతేమీ లేదు. ఆ తీర్మానం నిజంగా జరుగుతుందని వాళ్ళలో ఎవరూ అనుకోలేదు. ఫోటో కోసం చేసిన దానికి చిక్కులుంటాయని ఎవరు వెతుకుతారు?

హరిబాబు ప్రెసిడెంటు చెవిలో, "మీ నాలుగు బళ్ళూ కూడా మేడమ్ పేరునే కదండీ" అన్నాడు. చెవిలోనే అన్నాడు గానీ, బల్ల మీద రెండో మైకు ఉందన్న సంగతి చూసుకోలేదు. ఆ మాట హాలు చివర టీ కాసేవాడికి కూడా వినబడింది.

అందరి తలలూ రాజకుమారి వైపు తిరిగాయి. ఆమె అప్పుడే చీర సర్దుకుంటూ లేవబోతోంది.

"ఒసే, నువ్వెక్కడికే? నోర్మూసుకుని కూకో!" అన్నాడు నరసింగరావు.

ఇది మైకు ఆపాక మాట్లాడే భాష. మైకు ఆపలేదు.

రాజకుమారి కూర్చోలేదు. మొహం ఎర్రబడింది. చేతిలో గులాబీని పక్క కుర్చీలో పెట్టింది. "పొద్దుట్నుంచి కూకునే ఉన్నామండి" అంది. ఆమె గొంతు అంత లోతుగా ఉంటుందని అక్కడ ఎవరికీ తెలియదు. "ఆ గది తాళమేదండీ?"

‘మహిళా విశ్రాంతి గది’ బోర్డు వైపు చెయ్యి చూపించింది. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు కింద కుర్చీలన్నీ ఒక్కసారి కదిలాయి. ఆకాశంలో సగానికీ భూమాతకీ పొద్దున్న నుంచీ కావలసింది ఆ తాళమేనని వేదిక మీద ఒక్కరికీ తోచలేదు.

తాళం కోసం హరిబాబు మూడు సొరుగులు వెతికాడు. తలుపు తియ్యగానే లోపలి నుంచి ఒక టైరు దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా చిన్నతల్లి కాళ్ళ దగ్గర పడింది. ఆమె దాన్ని చూడగానే గుర్తుపట్టింది. ఫోటో చూసి కొనమన్నది తనే.

"ఇది మనదే కదా బావా?"

ఉమాపతి ఏ కాగితమూ లేకుండా, ఏ మైకూ లేకుండా ఆమె దగ్గరికి వచ్చాడు. టైరు నిలబెట్టాడు. తలొంచుకున్నాడు.

"మనదే. ఆడోళ్ళ గదని తెలిసే పెట్టినాను. నీకిక్కడ పనున్నాదని కూడా తెలుసు. తెలిసే ఆ మాటన్నాను. తప్పయిపోనాది సిన్నతల్లీ."

"మిగతా ఆడోళ్ళకి ఇక్కడ పనున్నాదా మరి?"

"అది ఆళ్ళనే అడుగు. నానెందుకు సెప్పాలి?"

చిన్నతల్లి నవ్వు ఆపుకోలేకపోయింది. కేబుల్ టీవీ వాళ్ళకి ఇదేమీ దొరకలేదు. వాళ్ళ కెమెరా ఇంకా నరసింగరావు మీదే ఉంది. ఉమాపతి చొక్కా చేతులు మడిచి గదిలోకి వెళ్ళి టైర్లు బయటికి దొర్లించడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క టైరూ ఎవరిదో పేరుపేరునా అరిచి చెప్పాడు. యజమానులు ఒక్కొక్కరే వేదిక దిగి రాక తప్పలేదు.

ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుందామని నరసింగరావు మర్నాడే అనుకున్నాడు. కానీ అప్పటికే ఫోటో పేపర్లో పడిపోయింది. పైగా వెనక్కి తీసుకోవాలన్నా సభ్యులే చేతులెత్తాలి. ఆ సభ్యులంతా ఇప్పుడు ఆర్సీలో పేరున్నవాళ్ళే. రాజకుమారి ప్రెసిడెంటు కుర్చీలో కూర్చుంటానని అనలేదు, కూర్చోననీ అనలేదు. తాళం మాత్రం తన దగ్గరే పెట్టుకుంది.

తర్వాతి వారం ఉమాపతి చిన్నతల్లిని స్కూటర్ మీద తీసుకొచ్చి ఆఫీసు ముందు దింపాడు. ఆమె సీరియల్ రాయించడానికి లోపలికి వెళ్ళింది. చింతపండు లోడు, విజయనగరం మీదుగా. సోములు బయట టీ తాగుతున్నాడు. ఉమాపతి అతని పక్కన నిలబడ్డాడు.

"లోపలికి రా మావా, కుర్చీ ఉన్నాది" అని హరిబాబు గుమ్మంలోంచి పిలిచాడు.

"ఆఫీసులో నాకేటి పని?" అన్నాడు ఉమాపతి. అన్నాక తనకే నవ్వొచ్చింది.

సోములు టీ గ్లాసు అందించాడు. రెండు గుక్కలు తాగేసరికే ఉమాపతి మెడ వెనక చుర్రుమంది. ఇన్నేళ్ళలో ఆ ఎండలో అతను నిలబడింది ఇదే మొదటిసారి. సోములు ఎన్నేళ్ళుగా నిలబడుతున్నాడో లెక్కకి కూడా అందలేదు. గ్లాసు పక్కన పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళి లోపలికి కేకేశాడు.

"ఒసే సిన్నతల్లీ! ఇక్కడ మనుషులు మాడిపోతన్నారు. బైట నాలుగు కుర్చీలు, పైన ఒక రేకు ఎయ్యమని సెప్పు!"

లోపల ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి. తర్వాత చిన్నతల్లి గొంతు, బ్రోకరుతో మాట్లాడే గొంతే, తాపీగా బయటికి వచ్చింది.

"అర్జీ పెట్టుకో బావా. మీటింగులో సూస్తాం."